ఇసుకలోంచి లేచిన పడవ

మేం ఎక్కిన పడవ అడుగున ఎవరో బరమాతో రంధ్రం వేశారు.

అప్పటికి నది మధ్యలో ఉన్నాం. కాళ్ళకింద తడిగా ఉందేమిటని నేను ఒక చెక్క పైకెత్తాను. కింద నీళ్ళు. వెనక కొసకి దగ్గరగా, పక్క పలకలో, చిటికెన వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం. పుచ్చు కాదు, పగులు కాదు. వేలు పెట్టి చూశాను. లోపలి అంచు నున్నగా ఉంది. పడవ పక్కనుంచి చెయ్యి నీళ్ళలోకి జార్చి తడిమాను. బయటి అంచూ నున్నగానే ఉంది.

అప్పుడు భయమేసింది.

బరమా ఒకవైపు నుంచే తోసుకుపోతే అవతలి వైపు చెక్క చీలికలు లేస్తుంది. తొందరలో ఉన్న ఏ వడ్రంగైనా అలాగే వేస్తాడు. మా నాన్న పడవల కార్ఖానాలో అలా వేసినవాడికి మాత్రం వీపు విమానం మోత మోగేది. మొన అవతల తొంగిచూడగానే ఆపాలి. చుట్టూ తిరిగి వెళ్ళి, మిగతాది అటువైపు నుంచి తొలవాలి. దొంగచాటుగా, ఎవరైనా చూస్తారేమోనని బెదురుతూ వేసినవాడు కూడా అటు తిరిగి వెళ్ళి తొలిచాడంటే, అది ఆలోచించి చేసింది కాదు. చేతికున్న అలవాటు. చిన్నప్పుడు ఆ కార్ఖానాలో పని నేర్చుకుని ఆ అలవాటు పట్టినవాళ్ళం ఈ పడవలో నలుగురం. నేను పోగా ముగ్గురు.

ఇంకొకటి కూడా గమనించాను. రంధ్రం అట్టడుగున లేదు. ఒడ్డున ఖాళీ పడవని నీళ్ళలోకి తోసినప్పుడు అది నీటికి పైనే ఉండి ఉంటుంది. నలుగురం ఎక్కి కూర్చున్నాకే ఆ రంధ్రం నీటి కిందికి దిగింది. చంపాలనుకున్నవాడు అక్కడ వేయడు. బెదరగొట్టి వెనక్కి తిప్పాలనుకున్నవాడే వేస్తాడు.

"ఏంటే ఉలీ, చేతులతో చేపలు పడుతున్నావా?" ముందు కొసనుంచి గంట అరిచింది.

ఉలి అంటే నేనే. చిన్నప్పుడు నా నోటికి పెట్టిన పేరు. గంట నోటికి పెట్టిన పేరు గంట. కార్ఖానా కాపలాదారు కూతురు. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ బడిలో అసలు గంట అవసరమే లేదని పిల్లలు అనుకుంటారట.

"పలకల సందులోంచి కొంచెం కారుతోంది," అన్నాను. "ఏం లేదు. కూరేస్తున్నాను."

రుమాలు చుట్టిన పుల్లని రంధ్రంలోకి చెప్పుతో కొట్టాను. కొడుతూ ముగ్గురి మొహాలూ చూశాను. మోటారు దగ్గర కూర్చున్న ఇంజను తల తిప్పలేదు. చిన్నప్పుడు ఆగకుండా మాట్లాడేవాడని వాడికా పేరు. పెద్దయ్యాక నిజంగానే మెకానిక్ అయ్యాడు. మూడోవాడు బాతు. బట్టల కొట్టు యజమాని, బొజ్జ, కళ్ళజోడు. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాడు.

"కారుతోందా? వెనక్కి పోదాం పదండి," అన్నాడు. "చూసేదేముంది అక్కడ? కుళ్ళిన కర్రలు."

నా అనుమానం బాతు మీద పడింది.

* * *

ఆ ఎండాకాలం నది ఎప్పుడూ లేనంత సన్నబడింది. ఒకరోజు ఆస్పత్రిలో పనిలో ఉండగా ఫోన్ వచ్చింది. ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. ఎముక విరిగిందో లేదో చూపించడం వరకే నా పని, ఎలా విరిగిందో అడగడం కాదు.

"ఉలేనా? నేనే, ఇంజన్ని." గొంతు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ముప్పై ఏళ్ళు దాటింది కదా. "దిగువన ఇసుకమేటలో పడవ ఒకటి బయటపడింది. మీ నాన్నదే. మీ అన్నయ్య పడవే."

మా నాన్న కట్టిన ఆఖరి పడవ అది. పలకలు కలపడానికి కొత్త రకం కీలు వేశాడు. మేకులు తక్కువ, పలక అంచు ఇంకో పలక గాడిలోకి దిగి బిగుసుకునేలా. అందరూ వద్దన్నారు, నాన్న వినలేదు. నీళ్ళలోకి దింపిన రోజే, ఇసుక బస్తాలు వేసి బరువు చూస్తుండగా, నడి ఏట్లో మునిగిపోయింది. చుక్కాని పట్టింది అన్నయ్య. బస్తాలకింద చిక్కుకుని, మళ్ళీ పైకి రాలేదు.

కీలు విడిచింది అన్నారు జనం. కీలే విడిచి ఉంటుంది అన్నాడు నాన్న. కార్ఖానా మూసేశాడు. మేం ఊరు మారాం. తర్వాత ఆయన తలుపులూ కిటికీలూ చేశాడుగానీ నీళ్ళలో తేలేది ఇంకేదీ చేయలేదు.

అమ్మ ఆరోజు నుంచి నాన్నతో మాట్లాడలేదు. పోట్లాట లేదు, తిట్టడం లేదు. అన్నం పెట్టేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది. మాట మాత్రం నా మీదుగా వెళ్ళాలి. "మీ నాన్నని స్నానానికి లేవమను." "మీ నాన్నని అడుగు, ఇంకొంచెం వేయాలా?" ఆయన ఎదురుగానే ఉండేవాడు. నేను పెళ్ళిచేసుకోకపోవడానికి కారణాలు ఎవరికి తోచినవి వాళ్ళు చెప్పేవాళ్ళు. అసలు కారణం ఇదే. నేను వెళ్ళిపోతే ఆ ఇంట్లో మాటే ఉండదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. పోయింది ఆ ఎండాకాలంలోనే.

ఫోన్ సంగతి చెప్పగానే నాన్న చిత్రిక పట్టడం ఆపి, "ఎందుకమ్మా ఇప్పుడు," అన్నాడు.

అమ్మ గోడవైపు చూస్తూ, "వెళ్ళి చూసిరా," అంది. "ఏదుంటే అది చెప్పు. కీలు విడిస్తే విడిచిందనే చెప్పు. నాకు తెలియాలి."

ఇంజనే అందరినీ పోగేశాడు. బాతుని, గంటని వెతికి పట్టుకున్నాడు. ఎవరినో అడిగి పడవ తెచ్చాడు. పడవెక్కడానికి ముందురోజు సాయంత్రం ఏటి ఒడ్డున సత్రంలో కలుసుకున్నాం. ఒకళ్ళ తెల్లజుట్టు చూసి ఒకళ్ళం నవ్వుకున్నాం. గంట నన్ను కావలించుకుని ఏడ్చింది. ఏడ్చి, "ముసలిదానివైపోయావే," అంది. పడవ అప్పుడు ఒడ్డున ఇసుకలో బోర్లించి ఉంది. తెల్లారేసరికి దానికి రంధ్రం పడింది.

* * *

ఎండ నెత్తికెక్కే వేళకి మోటారు దగ్గింది. రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది.

ఇంజను మూత విప్పి తల లోపలికి పెట్టాడు. "ప్లగ్ పోయింది," అన్నాడు.

"ఇంకోటి లేదా?" అన్నాను.

"తెచ్చిన గుర్తే. కనబడటం లేదు."

"శభాష్! మెకానిక్ ఎక్కిన పడవలోనే మోటారు ఆగాలి," అంది గంట. "ఏరా, నీ షాపులో కూడా ఇంతేనా? బండి ఇస్తే సైకిల్ చేసి పంపుతావా?"

"గంటా, ఎండకి నా బుర్ర వేడెక్కి ఉంది. నువ్వు మోగకు."

"మోగుతా. ఏం చేస్తావ్?"

వాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే నేను బాతు చేతుల వంక చూస్తున్నాను. పొద్దున్నుంచీ మోటారు పక్కనే కూర్చున్నాడు, సంచుల మధ్య. ఒక్క చిన్న ప్లగ్ నీళ్ళలోకి జారవిడవడం ఎంతసేపు?

"దేవుడు వద్దంటున్నాడు," బాతు గొణిగాడు. "ఇక్కడ ఒడ్డు చేరి, రోడ్డెక్కి పోదాం. నా మాట వినండి."

"దేవుడా, నువ్వా?" అన్నాను.

అందరూ నా వంక చూశారు. గంట చీర కుచ్చిళ్ళు దోపుకుని తెడ్డు అందుకుంది. "మోటారు పుట్టకముందే ఏరు పుట్టింది. జరగండి," అంది. నేను రెండో తెడ్డు తీసుకున్నాను. ప్రవాహం కూడా దిగువకే. అరచేతులు బొబ్బలెక్కాయిగానీ పడవ సాగింది.

దారిలో పాత కార్ఖానా కనిపించింది. రేకులు లేవు, స్తంభాలున్నాయి. పడవలు నిలబెట్టే దిమ్మలు ఏట్లోకి దిగే మెట్లలా అలాగే ఉన్నాయి. తారు వాసన ఇంకా వస్తోందనిపించింది. గంట తెడ్డు ఆపేసింది.

"అక్కడే కదే మీ నాన్న మనకి బొమ్మ పడవలకి ముక్కలు కోసి ఇచ్చేది. మీ అన్న వాటికి తెరచాపలు కట్టేవాడు. నా పడవ ఒక్కటే మునిగేది."

"నువ్వు దాంట్లో కప్పని ఎక్కించేదానివి," అన్నాను.

నవ్వుదామని చూశాం. బాతు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంజను దిమ్మల వైపు వీపు పెట్టి, పాడైన మోటారుని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

* * *

ఇసుకమేట మీద అది పక్కకి ఒరిగి పడుకుని ఉంది. సగం పైన, సగం ఇసుకలో. చిన్నప్పుడు అది ఇంటంత కనిపించేది. ఇప్పుడు మామూలు సరుకు పడవ.

నాన్న సంచిలోంచి సన్నటి ఉలి ఒకటి తెచ్చుకున్నాను. మొదటి కీలు దగ్గర మొన పెట్టి నొక్కాను. దిగలేదు. రెండోది. దిగలేదు. ఇసుక తవ్వుకుంటూ, మోకాళ్ళ మీద పాకుకుంటూ ఒక్కొక్క కీలూ చూశాను. మేకులు తుప్పుపట్టి రాలిపోయాయి. పై పలకలు కుళ్ళాయి. కీళ్ళు మాత్రం నిన్న బిగించినట్టున్నాయి. వెంట్రుక పట్టే సందు లేదు.

"ఒక్కటీ విడలేదు," అన్నాను. "ఒక్కటీ!"

గంట చేతులతో మొహం కప్పుకుంది. బాతు మొదటిసారి దగ్గరికి వచ్చాడు. "మరి ఎలా మునిగింది?"

వెనక కొస దగ్గర ఇసుక లాగాను. అది కనిపించింది. అట్టడుగున, రెండు వేళ్ళు పట్టే రంధ్రం. ఖాళీగా.

పడవ దిమ్మల మీద ఉన్నన్నాళ్ళూ లోపల వాననీళ్ళు నిలవకుండా అడుగున ఒక రంధ్రం వదిలేవాళ్ళు. ఏట్లోకి తోసేముందు దానికి బయటినుంచి కర్ర బిరడా కొట్టేవాళ్ళు. నీళ్ళలో నానితే అది ఉబ్బి పలకతో ఒకటైపోతుంది. ఇక గొడ్డలి పెట్టి చీల్చాలి తప్ప ఊడి రాదు. ఇక్కడ బిరడా లేదు. దాని ముక్క లేదు, మరక లేదు. కొట్టలేదన్నమాట. పైన చెక్కలు, చెక్కల మీద ఇసుక బస్తాలు. నీళ్ళెక్కుతున్నా ఎవరికి కనబడతాయి?

"బిరడా ఎవరు కొట్టాలి ఆరోజు?" అన్నాను.

కొంగ ఒకటి మా వంక చూసి ఎగిరిపోయింది.

"ఆఖరి పనులన్నీ మీ అన్నే కదా చూసేవాడు," అన్నాడు బాతు చివరికి. "వాడి పనే అయి ఉంటుంది. మర్చిపోయి ఉంటాడు. ఎగురుకుంటూ తిరిగాడు కదా ఆరోజంతా."

ఇంజను ఇసుకలో చూపు పెట్టి నిలబడ్డాడు. "నాకు గుర్తులేదు," అన్నాడు.

కీలు విడవలేదని చెబితే నాన్న బతుకుతాడు. బిరడా ఎవరిదని అమ్మ అడుగుతుంది. నీ కొడుకుదే అని చెప్పాలి.

కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియక బాతు మీదికి తిరిగాను. "అందుకేనా నువ్వు పడవకి రంధ్రం వేసింది? నన్నిక్కడికి రానీయకూడదనేనా?"

"రంధ్రమా?" బాతు నోరు తెరిచాడు.

"పొద్దున్న కారింది సందులోంచి కాదు. బరమా రంధ్రం. రెండువైపుల నుంచీ తొలిచిన రంధ్రం. మన కార్ఖానా చెయ్యి."

"ఒసేయ్ ఉలీ," అన్నాడు బాతు నెమ్మదిగా. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆరోజు మీ అన్న కోసం నేను మునిగాను. మూడుసార్లు చొక్కా దొరికింది. మూడుసార్లూ జారిపోయింది. ఆ తర్వాత ఇదే నేను పడవెక్కడం. బకెట్ నీళ్ళు చూసినా ఒళ్ళు వణుకుతుంది నాకు. నేను మునిగే పడవకి నేనే రంధ్రం వేసుకుంటానా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గంట వాడి చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం," అంది. హెడ్‌మిస్ట్రెస్ గొంతు కాదది.

* * *

పడవ అక్కడే వదిలి, రోడ్డెక్కి సత్రానికి తిరిగొచ్చాక గంట, బాతు బస్సెక్కారు. ఇంజను తన వ్యానులో నన్ను దింపుతానన్నాడు. "పిన్నిని చూసి చాలా ఏళ్ళయింది," అన్నాడు.

దారిలో అడిగాను. "రెండువైపులా నున్నగా తొలిచాడు. ఏమంటావ్?"

స్టీరింగ్ మీద వాడి వేళ్ళు కదల్లేదు. "పని నేర్చుకున్నవాడే అయి ఉంటాడు," అన్నాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆ వాగుడుకాయ ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు నాకు సగం తెలిసింది. మిగతా సగం తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు.

అమ్మ ముందు గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వరండాలో నాన్న కిటికీ రెక్కకి చిత్రిక పడుతున్నాడు. ఇంజన్ని చూసి అమ్మ లేవబోయింది. "నువ్వా నాయనా! ఎంత మారిపోయావు. కూర్చో, టీ పెడతాను."

"వద్దు పిన్నీ."

"చెప్పు," అంది అమ్మ నాతో.

"కీళ్ళన్నీ గట్టిగా ఉన్నాయమ్మా. ఒక్కటి కూడా విడలేదు."

వరండాలో చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

అమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉంది. "మరి?"

"అడుగున బిరడా లేదు. ఎవరూ కొట్టలేదు."

"అది ఎవరి పని?"

అమ్మ నా మొహంలోకి చూసింది. చదివేసింది.

"వాడిదేనా?" అంది. ఏడవలేదు. తువ్వాలు మడత విప్పి మళ్ళీ పెట్టింది. "వాడి పనేనా? నా పిల్లాడే చేసుకున్నాడా?"

"కాదు." గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు, ఒంటినిండా చిత్రిక పొట్టుతో. అమ్మవైపు చూసి, నేరుగా అమ్మకే చెప్పాడు. "వాడిది కాదు. బిరడా పని వాడికి చెప్పలేదు నేను." ఆ తర్వాత ఇంజను వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఏదో పొరపాటు జరిగితే సరిచేసుకుందామన్నట్టు అడిగాడు. "నువ్వు కొట్టావు కదరా?"

ఇంజను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అమ్మ కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"లేదు బాబాయ్. కొట్టలేదు. బిరడా చెక్కాను. పొట్టిదైపోయింది. ఇంకోటి చెక్కేలోపే అందరూ పడవ మీద చేతులు వేశారు, తోయడానికి. ఆగమంటే తిడతారని భయమేసింది. లప్పం కూరి, పైన తారు పూసేశాను. సాయంత్రం ఒడ్డుకి రాగానే ఎవరికీ తెలియకుండా కొట్టేద్దామనుకున్నాను పిన్నీ. సాయంత్రం దాకా ఆగుతుందనుకున్నాను. బరువు వేస్తారని నాకు తట్టలేదు. అందరూ కీలు అన్నారు. బాబాయే కీలు అన్నాడు. నేనేమీ అనలేదు. మొన్న పడవ బయటపడిందని తెలియగానే దీనికి ఫోన్ చేశాను. ఇక నేను చెప్పక్కర్లేదు, ఆ పడవే చెబుతుంది అనుకున్నాను. తీరా వీళ్ళంతా వచ్చి, నవ్వుతూ, నా భుజాల మీద చేతులేస్తుంటే ఓర్చుకోలేకపోయాను. రంధ్రం వేసింది నేనే. ప్లగ్ ఏట్లో పారేసింది నేనే. అక్కడ వాడి పేరు చెబుతుంటే ఊరుకున్నదీ నేనే. పోయినవాడి మీదికి పోతే ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. మీరున్నారని అనుకోలేదు.

"తోసేముందు బాబాయ్ అడిగాడు పిన్నీ, బిరడా కొట్టావా అని. కొట్టాను అన్నాను. చూద్దామని వంగబోయాడు. వంగితే నన్ను నమ్మనట్టు ఉంటుందని, నా వీపు తట్టి లేచి నిలబడ్డాడు."